ఉభయహస్తం వారి రసమట్టం

ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది అని పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు. ఆ మాట తప్పని విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం, ఉప్మా పెసరట్టు తిన్న తరువాత, ఏకగ్రీవంగా తీర్మానించారు.

తీర్మానించినవారు దయాహస్తం సేవా సమితి కార్యవర్గ సభ్యులు. తీర్మానం రాసినవాడు పొట్నూరు కూర్మారావు. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బజార్లో కనిపించిన ప్రతి తక్కెడనీ అనుమానంగా చూశాడు. రిటైరయ్యాక ఇంట్లో పప్పు డబ్బాలు తూచబోతే భార్య సత్యవేణి "ఆ చెయ్యి అక్కడే ఆపండి" అంది. దాంతో సమాజసేవలోకి వచ్చాడు. ఆఫీసు భాష రాయడం తెలిసినవాడు సమితిలో ఆయనొక్కడే కాబట్టి కార్యదర్శిని చేశారు.

దయాహస్తం చేసే పని పెద్దదేమీ కాదు. చలికాలంలో పాడేరు అవతల కొండల్లో ఉన్న ఆదివాసీ గూడేలకి దుప్పట్లు, ఎండాకాలంలో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర మజ్జిగ. ఈ రెండింటికీ మధ్య ఫొటోలు. చాలా ఏళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, అధ్యక్షురాలు సువర్చల గారి మేనల్లుడు అద్వైత్ బెంగుళూరు నుంచి దిగేవరకూ.

అద్వైత్ అక్కడ ఏదో కోర్సు చదివాడు. దానం ఎలా చెయ్యకూడదో అందులో నేర్పుతారట. ఆ ఆదివారం అతను మేనత్త వెనకే సమావేశానికి వచ్చాడు. పెసరట్టు తింటూ తలెత్తి గోడమీది ఫొటో చూశాడు. ఫొటోలో సువర్చల గారి చెయ్యి పైన ఉంది, ఒక ఆదివాసీ ఆవిడ చెయ్యి కింద ఉంది, మధ్యలో దుప్పటి ఉంది. అద్వైత్ ప్లేటు పక్కన పెట్టి తల పట్టుకున్నాడు.

"ఏరా, మిరపకాయ తగిలిందా?" అంది సువర్చల గారు.

"ఈ ఫొటో ఎవరు తీశారత్తా?"

"మన గిరి. లైటింగ్ బాగోలేదా?"

"ఇది ఫొటో కాదు. హింస."

కోశాధికారి భీమశంకరం లేచి, కళ్లజోడు సర్దుకుని, ఫొటో దగ్గరికి వెళ్లి చూశాడు. "ఎక్కడ బాబూ?"

"చేతులు చూడండంకుల్. మీవాళ్ల చెయ్యి ఎక్కడుంది, ఆవిడ చెయ్యి ఎక్కడుంది? ఇది పవర్ స్ట్రక్చర్. అసలు మీ గివింగ్‌లో ఈక్విటీ ఉందా?"

"లేదు" అన్నాడు భీమశంకరం గట్టిగా. "ఈక్విటీ జోలికి పోవద్దని నేను మొదట్నుంచీ చెప్తున్నాను. మనదంతా ఫిక్స్‌డ్ డిపాజిట్టే."

అద్వైత్ గంటసేపు మాట్లాడాడు. ఆ గంటలో అందరికీ అర్థమైంది ఒకటే. ఇన్నేళ్లూ తాము చేసింది పుణ్యం కాదు. పుణ్యం పోతుందనేసరికి సభ్యులకి గుండె జారింది. వెంటనే తీర్మానం రాయమన్నారు. కూర్మారావు రాశాడు.

"దాత హస్తము గ్రహీత హస్తము కంటె ఎత్తున ఉండరాదనియు, గ్రహీత హస్తము దాత హస్తము కంటె పల్లమున ఉండరాదనియు, ఉభయ హస్తములు సమమట్టమున ఉండవలెననియు ఇందుమూలముగా తీర్మానించడమైనది."

"మొదటి రెండూ ఒకటే కదండీ?" అన్నాడు భీమశంకరం.

"ఆఫీసులో ఏదైనా రెండుసార్లు చెప్తేనే ఒకసారి చెప్పినట్టు" అన్నాడు కూర్మారావు.

'దయ' అన్న మాట వినగానే మెడ పైకెత్తి చూడాల్సినట్టు ఉంటుందని అద్వైత్ అన్నాడు. అందువల్ల సమితి పేరు 'ఉభయహస్తం' అని మారింది. చేతుల మట్టం చూడటానికి కొలతలు తెలిసిన మనిషి కావాలి కనక కూర్మారావుని 'సమతల పర్యవేక్షకుడు' అని కూడా నియమించారు. ఆయన మర్నాడే హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లి రసమట్టం కొన్నాడు. తాపీమేస్త్రీలు గోడమీద పెట్టి చూసుకునే పలకలాంటిది. మధ్యలో చిన్న గాజుగొట్టం, అందులో బుడగ. బుడగ నడిమధ్యకి వస్తే మట్టం ఉన్నట్టు. ఇంటికొచ్చి దాన్ని టీవీ మీద, టీపాయ్ మీద, నిద్రపోతున్న బావమరిది పొట్టమీద పెట్టి చూశాడు. ఏదీ సరిగ్గా లేదు. చాలాకాలానికి ఆయనకి ఉద్యోగంలో ఉన్నట్టు అనిపించింది.

అయితే కూర్మారావుకి ఒక సొంత బెంగ ఉంది. అది ముంతగరువు బెంగ.

ముంతగరువు పాడేరు అవతల కొండవాలు మీద ఉన్న గూడెం. కిందటి చలికాలం దుప్పట్లు పంచడానికి వెళ్లినప్పుడు కొండెక్కి ఆయన గొంతు ఎండిపోయింది. వంతల బుద్రి అనే ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "దాహవేత్తందా సారూ? సెయ్యి పట్టు" అంది. ఆయన దోసిలి పట్టాడు. ఆవిడ కడవ వంచింది. మొహం కడుక్కుని, కడుపు నిండా తాగి, "ఎంత చల్లగా ఉన్నాయమ్మా! ఎక్కడివి?" అన్నాడు.

"అదిగో, ఆ పైన ఊట."

కూర్మారావు తలెత్తి చూశాడు. టోపీ పెట్టుకుని ఉంటే పడిపోయేది. "రోజూ అంత ఎత్తు ఎక్కి తెస్తారా?"

"అది దిగిరాదు గదా. మేవే ఎక్కాల."

"ఒక పైపు వేస్తే అదే దిగొస్తుంది. నేను వేయిస్తానమ్మా."

గొంతు తడిసిన మనిషి ఎంతటి మాటైనా ఇచ్చేస్తాడు. కొండ దిగి, వ్యాన్‌లో కూర్చున్నాక గాని ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. ముంతగరువులో మాత్రం అందరికీ తెలిసిపోయింది. అప్పటినుంచి ఆయన పేరు పైపు సారు.

ఉభయహస్తం తొలి సమమట్టపు పంపిణీ ముంతగరువులోనే జరిగింది. వ్యాన్ దిగుతుండగానే బుద్రి కేక వినిపించింది.

"పైపు సారొచ్చేడు! ఒలే, పైపేదో సూడండే, జేబులో ఎట్టుకొచ్చేడేమో!"

జేబులో ఉన్నది రసమట్టం. కూర్మారావు దాన్ని తీశాడు. సువర్చల గారు దుప్పటి పట్టుకుని నిలబడింది. బుద్రి చెయ్యి చాపింది. కూర్మారావు రసమట్టం ఒక కొస దాత చేతిమీద, రెండో కొస గ్రహీత చేతిమీద ఆనించి, ఒంటికన్ను మూసి చూశాడు.

"మేడం, కొంచెం దించండి. బుద్రమ్మా, నువ్వు కొంచెం ఎత్తు. ఆఁ... మేడం, గాజులు అడ్డం. బుద్రమ్మా, ఊపిరి పీల్చకు."

"ఎన్నాళ్లు సారూ?"

బుడగ మధ్యకి వచ్చింది. "సమం!" అన్నాడు కూర్మారావు. సువర్చల గారు దుప్పటి వదిలింది. సమమట్టంలో ఉన్న రెండు చేతుల మధ్యనుంచి అది తిన్నగా వెళ్లి బురదలో పడింది.

బుద్రి బురదకేసి చూసి, సువర్చల గారికేసి చూసింది. "ఇత్తన్నారా, ఇసిరేత్తన్నారా?"

"పర్లేదు, పడనివ్వండి!" అన్నాడు అద్వైత్ ఉత్సాహంగా. "నేల ఎవరిదీ కాదు. న్యూట్రల్ స్పేస్."

బుద్రి తీసుకోబోతూ వంగింది. "వంగకూడదు!" అని అద్వైత్ అరిచాడు. గ్రహీత ఒక్కరే వంగితే అది దాస్యం. వంగితే అందరూ కలిసి వంగాలి. కాబట్టి దుప్పటి దుప్పటికీ సభ్యులందరూ, గూడెంవాళ్లందరూ ఒకేసారి వంగి, ఒకేసారి లేచారు. కొద్దిసేపటికి సభ్యులు వంగడం మానలేదు గాని లేవడం మానేశారు. భీమశంకరానికి నడుం పట్టేసింది. ఆయన్ని రెండు రెక్కలూ పట్టుకుని లేవదీసింది ముంతగరువువాళ్లే. ఆ సమయంలో ఎవరి చెయ్యి పైనుందో కూర్మారావు కొలవలేదు.

ఫొటోలతో ఇంకో చిక్కు వచ్చింది. చేతుల మట్టం కుదిరింది గాని రంగు కుదరలేదు. తెల్ల చెయ్యి ఇవ్వడం, నల్ల చెయ్యి పుచ్చుకోవడం జాతివివక్షని ప్రోత్సహించడమేనని అద్వైత్ అన్నాడు. స్టూడియో గిరిని పిలిపించారు.

"రంగు కలిపెయ్యొచ్చండి" అన్నాడు గిరి. "తెల్లవాళ్లని నల్లగా చెయ్యమంటారా, నల్లవాళ్లని తెల్లగా చెయ్యమంటారా?"

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సమితిలో అందరూ సమానత్వం కోరుకునేవాళ్లే, కాని పిల్లలకి సంబంధాలు చూస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. చాలా చర్చ జరిగాక "ఉభయ పక్షములను చామనచాయకు తీసుకురావలెను" అని తీర్మానం అయింది. గిరి తీసుకొచ్చాడు. ఫొటో గ్రూపులో పెట్టగానే సువర్చల గారి చెల్లెలు రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "అక్కా, లివర్ చూపించుకున్నావా?" అంది. మరుసటి ఆదివారం తీర్మానాన్ని సవరించారు. చామనచాయ కాదు, అధ్యక్షుల వారి చాయ. సమానత్వమే కదా, ఎక్కడ సమానమైతేనేం.

ఆ ఫొటో కూర్మారావు బుద్రికి చూపించాడు. ఆవిడ కాసేపు తేరిపార చూసింది.

"ఈవిడెవర్తి సారూ? నా కోక కట్టుకున్నాది!"

కూర్మారావు అప్పుడు ముంతగరువుకి ఒక్కడే బస్సులో, జీపులో, మిగతాది కాళ్లమీద వెళ్లడానికి వేరే కారణం ఉంది. అద్వైత్ ఇంకో లోపం కనిపెట్టాడు.

"దుప్పట్లు ఇచ్చాం. వాళ్లు మనకేం ఇచ్చారు?" అని అడిగాడు సమావేశంలో.

"వాళ్లెందుకిస్తారు? పేదవాళ్లు" అంది సువర్చల గారు.

"అదీ అన్యాయం! ఇచ్చే అవకాశం వాళ్లకి మనం ఇవ్వడంలేదు. ఇవ్వడంలో ఉన్న ఆనందమంతా మనమే తినేస్తున్నాం. వాళ్ల దగ్గర ఎంత సంపద ఉంది! వేల ఏళ్ల ఇండిజినస్ వెల్‌నెస్!"

వెల్‌నెస్ అనగానే సభ్యులు కుర్చీల్లో ముందుకి జరిగారు. ఆ క్షణం వరకూ తమకి ఆదివాసీల వల్ల ఉపయోగం ఉంటుందని ఎవరికీ తోచలేదు. సువర్చల గారికి నిద్ర పట్టదు. భీమశంకరానికి గ్యాసు, ఇప్పుడు కొత్తగా నడుం. మిగతావాళ్లకి మోకాళ్లు. "గ్రహీతల వద్దనుండి స్వస్థతను స్వీకరించి రావలసినది" అని కార్యదర్శిని ఆదేశించారు.

బుద్రి గుమ్మంలో కూర్చుని మోకాలు రుద్దుకుంటూ ఇదంతా వింది.

"అంటే మాకు దుప్పటిచ్చినందుకు, మీ రోగాలు మేం కుదర్చాల."

"అలా కాదమ్మా. మీరు ఇచ్చే స్థానంలో ఉండాలని మా కోరిక. మోకాలు నొప్పికి నువ్వేం వాడతావు?"

"పాడేరు ఆస్పత్రిలో తెల్ల మాతర్లిత్తారు. నీకో నాలుగిమ్మంటావా?"

"అది కాదు. మీ పూర్వీకుల పద్ధతి ఏదైనా..."

"మా యమ్మకీ మోకాలు నొప్పే."

"ఆవిడేం చేసేది?"

"అరిసేది."

లోపలనుంచి బుద్రి కోడలు సుబర్ణ గోడ పట్టుకుని నెమ్మదిగా బయటికొచ్చి, ఆయనకి మంచినీళ్లు ఇవ్వబోయింది. నెలలు నిండిన మనిషి. బుద్రి చెంబు లాక్కుంది. "నువ్ కూకో. నేనిత్తాను."

నీళ్లు పోస్తూ ఆవిడ గొంతు తగ్గించింది. వేళాకోళం పోయింది.

"సారూ, దీనికి నెలలు నిండిపోయేయి. ఇన్నాళ్లూ అదే ఎక్కి తెచ్చీది. మొన్న కడవతో జారిపోయింది. అదురుష్టం, కడవే పగిలింది. ఇప్పుడు నేనెక్కుతన్నాను ఈ మోకాలితోటి. పురుడొచ్చేక ఇంటికెన్ని నీళ్లు కావాలో నీకు తెల్సునా? తెలీదు. ఇంటికెల్లి నీ ఆవిడనడుగు. నువ్వు పైపన్నావు. అననివాడిని ఎవలూ అడగరు. అన్నావు గనక అడుగుతన్నాను. ఎయ్యలేనంటే ఇప్పుడే సెప్పీ, నీ పేరు మార్సేత్తాం."

పేరు ఏమని మారుస్తారో కూర్మారావుకి కొంత ఊహ ఉంది.

మరుసటి ఆదివారమే సమితి ముందు పైపు ప్రతిపాదన పెట్టాడు. పెద్ద పనేం కాదన్నాడు. ఊట పైన ఉంది, గూడెం కింద ఉంది, మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, గొట్టం వేస్తే నీరు దానంతటదే దిగుతుంది.

"ఆగండంకుల్" అన్నాడు అద్వైత్. "నీరు ఎక్కడినుంచి ఎక్కడికి వస్తుంది?"

"పైనుంచి కిందికి."

"టాప్-డౌన్!" అద్వైత్ బాధగా కళ్లు మూసుకున్నాడు. "ప్రపంచమంతా టాప్-డౌన్ మోడల్ వదిలేసి ఎన్నాళ్లయిందంకుల్! మార్పు ఎప్పుడూ బాటమ్-అప్ రావాలి. కిందినుంచి పైకి."

"నీళ్లు కూడానా?"

"నీళ్లకి మినహాయింపు ఇస్తే రేపు దుప్పట్లు అడుగుతాయి."

"బాబూ, నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అన్నారు" అన్నాడు కూర్మారావు.

"అదే చెప్తున్నాను. ఆ సామెత కూడా పైనున్నవాళ్లు రాసిందే."

సువర్చల గారు మేనల్లుడి తెలివికి మురిసిపోతూ సభ్యులందరి మొహాలూ చూసింది. నీరు కిందినుంచి పైకి వెళ్లే పద్ధతిలో సవరించిన ప్రతిపాదన తెస్తే సానుభూతితో పరిశీలిస్తామని తీర్మానించారు. పైపు నిజానికి కొండెక్కాల్సిన వస్తువే. కాని ఆ ఆదివారం అది ఇంకో రకంగా కొండెక్కింది.

ఆ పూట కూర్మారావు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. సత్యవేణి చారు గరిటె ఎత్తింది. ఆయన దిగులుగా గరిటెకేసి చూశాడు.

"ఇదీ టాప్-డౌనే" అన్నాడు.

"చారండీ."

"చారు కాదు. నీ చెయ్యి పైనుంది, నా కంచం కిందుంది. ఇందులో ఈక్విటీ లేదుట."

సత్యవేణి గరిటె గిన్నెలో పడేసింది. "అయితే మీరే కంచం ఎత్తి గిన్నెలో పెట్టుకోండి."

ఆయన జరిగిందంతా చెప్పాడు. సుబర్ణ సంగతి చెప్పేసరికి సత్యవేణి ఎదురుగా కూర్చుంది.

"పురుటిల్లుకి నీళ్లు లేకపోతే ఎలాగండీ? పోనీ మనమే వేయిస్తే?"

"మన పెన్షనుతో గొట్టం గుమ్మం దాకా వస్తుంది. మన గుమ్మం దాకా."

"ఏం మనుషులండీ! వాళ్ల కోసం పైనుంచి నీళ్లు పడితే తప్పయింది. ఆ సువర్చల గారు కిందటేడు కేరళ వెళ్లి ఏదో రిసార్టులో గొట్టం కింద కూర్చుని నెత్తిమీద నీళ్లు పోయించుకుని వచ్చింది. నెల్లాళ్లు అదే చెప్పింది. ఏదో ధార అందే! అప్పుడు గుర్తు రాలేదా పైనా కిందా?"

కూర్మారావు చెయ్యి అన్నంలో ఆగిపోయింది. తరవాత గబగబా తినేసి, చారు కూడా పోయించుకోకుండా లేచి, కాగితాలు ముందేసుకున్నాడు. ముప్ఫై ఏళ్లు నేర్చిన భాష అంతా ఆ కాగితంమీద పెట్టాడు.

మరుసటి ఆదివారం సమావేశంలో లేచి చదివాడు.

"ఇంతవరకు దాతలుగా వ్యవహరించిన సభ్యులు ఇకపై గ్రహీతలు కావలసియున్నది. ముంతగరువు వాస్తవ్యులు తమ పూర్వీకుల ఊట జలమును, అనగా అడవి మూలికల వేళ్లను తాకివచ్చు జలమును, సభ్యుల స్వస్థత నిమిత్తము దానము చేయుటకు సమ్మతించియున్నారు. సదరు జలము 'స్వస్థతా ధార' అను పేర ఒక గొట్టము ద్వారా..."

"పైనుంచి కిందికేనా?" అన్నాడు అద్వైత్ అనుమానంగా.

"పైనుంచి కిందికే. కాని బాబూ, ఈసారి పైనుండేది వాళ్లు. కింద ఉండేది మనం. ఇన్నేళ్లూ పైచెయ్యి మనదైంది. ఇప్పుడు కొన్నాళ్లు మనం కింద నిలబడొద్దా?"

అద్వైత్ కళ్లు పెద్దవి చేసుకున్నాడు. "రిపరేటివ్!" అన్నాడు. "అంకుల్, ఇది రిపరేటివ్ జస్టిస్!"

అదేమిటో కూర్మారావుకి తెలియదు. "అదేగా మరి" అన్నాడు.

"మూలికల వేళ్లంటే... నిద్రకి పనిచేస్తుందా?" అంది సువర్చల గారు.

"నేను తాగిన రోజు వ్యాన్‌లో ఎంత నిద్రపోయానో మీరే చూశారు కదండీ."

"గ్యాసుకి?" అన్నాడు భీమశంకరం.

"కొండ ఎక్కి దిగినవాళ్లకి గ్యాసు ఉండదండి."

"ఎక్కాలా?" భీమశంకరం మొహం మాడింది.

"అక్కర్లేదు. ఆ ధార గూడెం దాకా వస్తుంది. మీరు కింద కుళాయి దగ్గర కుర్చీలో కూర్చోవచ్చు."

"అలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఎంత తొందరగా వేయిస్తారు?"

అద్వైత్ ఒకటే షరతు పెట్టాడు. దానం ఎవరు చేసినా సమమట్టం నియమం వర్తిస్తుంది. కుళాయి మూతి, పట్టే చెయ్యి ఒకే మట్టంలో ఉండాలి. ఎవరూ అంత దూరం ఆలోచించలేదు. సరే అన్నారు.

ఎండలు ముదరకముందే గొట్టాలు కొండెక్కాయి. పేదల అవసరానికి కదలని కాగితం సభ్యుల ఆరోగ్యానికి పరుగెత్తింది. ప్రారంభోత్సవానికి సమితి మొత్తం వచ్చింది. కుళాయికి రిబ్బను కట్టి ఉంది. పక్కన బోర్డు: "ఉభయహస్తం సభ్యుల స్వస్థతకై ముంతగరువు ప్రజలు ఇచ్చిన దానం."

సువర్చల గారు రిబ్బను దగ్గరికి వచ్చి చెప్పులకేసి చూసుకుంది. "కూర్మారావు గారూ, ఇంకా ఓపెన్ చెయ్యలేదు కదా, నేలంతా తడిగా ఉందేంటి?"

"టెస్టింగండీ."

బుద్రి ఇంట్లోంచి పసికూన ఏడుపు వినిపించింది. టెస్టింగు మూడురోజులుగా జరుగుతోంది. సుబర్ణకి మగపిల్లాడు. గుమ్మం పక్కన తీగమీద ఉతికిన పాత గుడ్డలు వరసగా ఆరుతున్నాయి. కూర్మారావు వాటికేసి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

రిబ్బను కత్తిరించాక, తొలి గ్రహీతగా సువర్చల గారు కుళాయి ముందు నిలబడింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో ఉన్నదంతా ఖాళీ చేసుకుని, ఎండలో గూడెం దాకా నడిచి, ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. దాత తరఫున బుద్రి కుళాయి తిప్పడానికి సిద్ధంగా ఉంది. కూర్మారావు రసమట్టం ఒక కొస కుళాయి మూతికి, రెండో కొస సువర్చల గారి చేతికి ఆనించాడు. ఆవిడ చెయ్యి ఎత్తింది. బుడగ కదిలింది.

"ఇంకొంచెం మేడం... సమం!"

బుద్రి కుళాయి తిప్పింది. కొండమీది నీరు బలంగా దూకి, చేతి పక్కనుంచి తిన్నగా నేలమీదికి పోయింది.

"చెయ్యి దగ్గరికి జరపండత్తా! మట్టం పోనివ్వకండి!" అన్నాడు అద్వైత్.

దగ్గరికి జరిపింది. మూతికి సమంగా పెట్టిన వేళ్లకి తగిలి నీళ్లు నాలుగు పక్కలా చిమ్మాయి. సువర్చల గారి పట్టుచీర తడిసింది. వెనకాల వరసలో ఉన్న భీమశంకరం కళ్లజోడు తడిసింది. చేతిలోకి మాత్రం ఒక్క చుక్క రాలేదు. ఇంకోసారి పట్టింది. రాలేదు. మేనల్లుడికేసి చూసింది. అతనూ పెదాలు తడుపుకుంటూ నీళ్లకేసే చూస్తున్నాడు. నీళ్లు బురద చేసుకుంటూ పల్లానికి పోతున్నాయి.

బుద్రి కాసేపు చూసింది. దుప్పటి పడినప్పటిలా వేళాకోళం చెయ్యలేదు. తన పిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా అంది.

"సెయ్యి కాత్త కిందెట్టు తల్లీ. నేకపోతే పడవు."

సువర్చల గారు ఒక్క క్షణం ఆగింది. చెయ్యి దించింది. రెండో చెయ్యి కలిపి దోసిలి చేసింది. నడుం వంచి, కుళాయి కిందికి వంగి, గటగటా తాగింది. ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ తాగింది. గిరి కెమెరా ఎత్తాడు. "ఇప్పుడొద్దు గిరీ" అంది నీళ్ల మధ్యనుంచి. ఆవిడ తరవాత భీమశంకరం వంగాడు, నడుం సంగతి మరిచిపోయి. ఆయన తరవాత అద్వైత్ వంగాడు. అందరికన్నా ఎక్కువసేపు తాగింది అతనే.

రసమట్టంలో బుడగ ఒక మూలకి వెళ్లి కూర్చుంది. కూర్మారావు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"పైపు సారూ" అంది బుద్రి, "నువ్వూ పట్టు."

ఆయన దోసిలి పట్టాడు.

తిరుగు ప్రయాణంలో సభ్యులందరూ నిద్రపోయారు. స్వస్థత గుణమని తరవాత చెప్పుకున్నారు. వ్యాన్ కుదుపుల మధ్య కూర్మారావు ఆనాటి నివేదిక రాశాడు.

"హస్తముల మట్టమును పర్యవేక్షకుడు స్వయముగా పరిశీలించెను. నీరు సంతృప్తికరముగా ఉన్నది."